చదువు మానేసి కాపాడుకున్న విశ్వవిద్యాలయం

1909 మే నెలలో టోక్యో హయ్యర్ కమర్షియల్ స్కూల్ విద్యార్థులు మూకుమ్మడిగా చదువు మానేస్తున్నామని ప్రకటించారు. ఫీజుల కోసమో మార్కుల కోసమో కాదు ఆ గొడవ. తమ స్కూల్లోని ఉన్నత కోర్సును ఎత్తేసి, టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో కలిపేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. వ్యాపార విద్యకు సొంత విశ్వవిద్యాలయం అక్కర్లేదని పెద్దల ఉద్దేశం.

ఈ చిన్నచూపు పాతదే. జపాన్‌ను తొకుగావా వంశం ఏలిన కాలంలో సమాజంలో యోధుడైన సమురాయ్‌ది పైమెట్టు, వర్తకుడిది కింది మెట్టు. ఆ కాలం ముగిసిన కొన్నేళ్లకే, 1875లో, దౌత్యవేత్త మోరి అరినోరి గింజాలో ఓ చిన్న బడి తెరిచాడు. కింద చేప కలిపిన మిసో అనే సోయా ముద్ద అమ్మే దుకాణం, మేడమీద పాఠాలు. బడి ఎందుకో వివరిస్తూ విజ్ఞప్తి రాసింది రచయిత ఫుకుజావా యుకిచి. పాఠాలు చెప్పేందుకు అమెరికా నుంచి విలియం విట్నీ కుటుంబంతో సహా వచ్చేసరికి ఏర్పాట్లే పూర్తికాలేదు. రాజనీతిజ్ఞుడు కత్సు కైషు వెయ్యి యెన్‌లిచ్చి ఆదుకున్నాడు. బడిలో చెప్పింది ఇంగ్లిష్, జమాఖర్చుల లెక్కలు, ఉత్తుత్తి కొనుగోళ్లూ అమ్మకాలతో వ్యాపారపు మెలకువలు. ఆ బడే తర్వాత టోక్యో హయ్యర్ కమర్షియల్ స్కూల్‌గా ఎదిగింది.

మొదటినుంచీ ఆ బడికి అండగా నిలిచిన పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచి 1909లోనూ మధ్యవర్తిగా దిగాడు. 2024లో వచ్చిన పదివేల యెన్‌ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే. ఆయన మాట మీద విద్యార్థులు తరగతులకు తిరిగొచ్చారు. 1912లో ప్రభుత్వం నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. 1920లో ఆ స్కూలే టోక్యో వాణిజ్య విశ్వవిద్యాలయమైంది. పట్టుబట్టి సాధించుకున్న హోదా అది, ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

1923 భూకంపం క్యాంపస్‌ను దెబ్బతీసింది. దాంతో నగరానికి పడమర, అప్పుడే కొత్తగా కడుతున్న కునితాచి పట్టణానికి తరలిపోయారు. అక్కడ 1927లో కట్టిన కానెమత్సు హాలు చూసి తీరాలి. వాస్తుశిల్పి ఇతో చూతా గీసిన, మధ్యయుగపు యూరప్ ధోరణి అయిన రోమనెస్క్ శైలి కట్టడం. గోడలనిండా, స్తంభాలనిండా వింత జంతువుల శిల్పాలు. డబ్బు ఇచ్చింది ఓ వర్తక సంస్థ, తన వ్యవస్థాపకుడి జ్ఞాపకార్థం.

1931లో ప్రభుత్వం మళ్లీ కోర్సుల మీద కత్తి ఎత్తింది. విద్యార్థులు ఈసారి క్యాంపస్‌లోనే బైఠాయించారు, ఆ ప్రతిపాదనా ఆగింది.

యుద్ధం ముగిశాక, 1949లో కొత్త పేరు కావాల్సివచ్చి విద్యార్థుల ఓటు అడిగారు. భూకంపానికి ముందు క్యాంపస్ ఉన్న పేట పేరే గెలిచింది: హితోత్సుబాషి. వైద్యం, ఇంజనీరింగ్ అక్కడ నేటికీ లేవు. వాణిజ్యం, ఆర్థికశాస్త్రం, న్యాయం, సామాజికశాస్త్రం అనే నాలుగు విభాగాలకు తోడుగా 2023లో సోషల్ డేటా సైన్స్ చేరింది.