నవాబు కాంపౌండులో యాభై గజాలు

హైదరాబాద్‌లో ఇల్లు కొనాలంటే ఎక్కడ కొనాలి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ముస్లిం ఇళ్లలో ఈ బహెస్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అవే పైసలకు శహర్ అంచున కొత్త అపార్ట్‌మెంట్‌లో మూడు కమ్రాలు, లిఫ్టు, కారుకు జాగా వస్తాయని కొడుకులంటారు. మాసబ్ ట్యాంక్‌లోనో, బంజారాహిల్స్‌లోనో ముప్పై నలభై ఏళ్ల కిందటి బిల్డింగులో రెండు చిన్న కమ్రాలు దొరికినా చాలని అబ్బా అంటాడు. రిష్తా మాట్లాడే వాళ్లు "మకాన్ కహాఁ హై?" అని అడుగుతారు. మొహల్లా పేరు చెబితే ఆ మాట అక్కడితో అయిపోతుంది, కమ్రాలు ఎన్నని ఎవరూ అడగరు. అబ్బా హిసాబ్ అది.

ఇద్దరి మాటలోనూ దమ్ముంది. కానీ ఆ పాత బిల్డింగు కింది జమీన్ ఒకప్పుడు ఎవరిది, అది ముక్కలై మన దాకా ఎట్లా వచ్చింది అన్న సవాల్ ఈ బహెస్‌లో రాదు. ఆ తారీఖ్ తెలిస్తే కాగితాల్లో ఏం చూడాలో కూడా తెలుస్తుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల మంది ఖతమైపోయారు. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఇరుకు బస్తీలను తీసేసి కొత్త సడకులు, కొత్త మొహల్లాలు వేయడం దాని పని. అమీర్లు, ఉమరావులు నదికి ఈవలి ఒడ్డుకు, ఎత్తు జాగాలకు రావడం అంతకు ముందే మొదలైంది, ఇప్పుడు జోరందుకుంది. నిజాం పెద్ద కొడుకు ఆజం జాహ్ అసలు పేరు హిమాయత్ అలీ ఖాన్, ఆయన పేరే హిమాయత్‌నగర్‌కు వచ్చింది. వజీరె ఆజంగా పనిచేసిన పాయెగా అమీరు ఆస్మాన్ జాహ్ బషీరుద్దౌలా మహల్ ఉన్నచోటే బషీర్‌బాగ్. మహల్ లేదు, నామ్ మిగిలింది.

బంజారాహిల్స్ కిస్సా ఇంకా తమాషా. అక్కడ ముందు నుంచి ఉన్నది బంజారాల తండాలు, రాళ్ల గుట్టలు. రాత్రయితే శహర్ వాళ్లు అటు పోవడానికి జంకేవాళ్లు. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఆ గుట్టల్లోనే ఇల్లు కట్టుకున్నారు. బండరాళ్లను పగలగొట్టకుండా గోడల్లో కలుపుకొని కట్టించారు. 1933లో టాగోర్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఆయన దగ్గరే మెహమాన్‌గా ఉన్నారు. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడితే దానికి తొలి గవర్నర్ అయింది కూడా ఈ మెహదీ నవాజ్ జంగే. ఇప్పుడు రోడ్ నంబర్ చెప్పుకుని మురిసిపోయే ఆ ఇలాఖా షాన్ నూరేళ్లది కూడా కాదు. పేరు మాత్రం బంజారాలది. వాళ్లు అక్కడ ఎంతమంది మిగిలారో వేరే చెప్పాలా?

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. 1949 ఫిబ్రవరిలో నిజాం సొంత ఇలాఖా సర్ఫె ఖాస్ సర్కారులో కలిసింది. అదే ఏడు ఆగస్టు 15న జాగీర్ల రద్దు కానూన్ వచ్చింది, 1358 ఫస్లీ సాల్‌ది. జాగీర్ పోయింది, ఆమ్దనీ పోయింది, దేవ్‌డీ మాత్రం మిగిలింది. నౌకర్లకు తన్‌ఖా ఇవ్వలేని ఇంటికి ఎకరాల కొద్దీ కాంపౌండు బరువే అవుతుంది. కొందరు కరాచీ పోయారు, కొందరు లండన్. ఉన్నవాళ్లు గోడ పక్క జాగా ముక్క ముక్కగా అమ్ముకుంటూ బతికారు. సాలార్ జంగ్‌ల దివాన్ దేవ్‌డీ అంతటిదే నేలమట్టమై బజార్ అయింది. కమాన్లు నిలబడి ఉన్నాయి, చూసే ఉంటారు.

1976లో అర్బన్ ల్యాండ్ సీలింగ్ కానూన్ వచ్చింది. దాని ప్రకారం హైదరాబాద్‌లో ఒకరి దగ్గర వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ జమీన్ ఉండకూడదు. అంటే పన్నెండు వందల గజాల లోపు. ఖాళీగా ఉంచితే సర్కారు తీసుకుంటుందన్న ఖౌఫ్ వారిసులకు పట్టుకుంది. పంచుకోవడం, అమ్మడం, కట్టడం తేజ్ కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ కానూన్ మన దగ్గర 2008 దాకా నడిచింది. 1987లో అపార్ట్‌మెంట్ల కానూన్ వచ్చింది. ఫ్లాట్ కొన్నవాడికి కింది జమీన్‌లో కూడా హిస్సా ఉండాలన్న సంగతి అందులో పక్కాగా రాశారు.

మన సైడు ఏం జరిగింది? 1973లో తేల్ ధర పెరిగి ఖలీజ్‌లో పని పుట్టింది. అప్పటి కరీంనగర్ జిల్లా నుంచి మిస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు విమానం ఎక్కారు. కోరుట్లలో బీడీలు చుట్టే ఇంటి నుంచి ఒకడు, జగిత్యాల ఖిలా పక్క గల్లీ నుంచి ఒకడు. సిరిసిల్ల మగ్గం మనిషికైతే భివండీ దారి ముందే తెలుసు, దాని తర్వాత దుబాయ్ దూరం అనిపించలేదు. వచ్చిన పైసలతో మొదట ఊళ్లో ఇల్లు. ఆ తర్వాత పిల్లల తాలీమ్ కోసం శహర్. ఇంకో మాట, విదేశంలో ఉండే హిందుస్తానీ తన పేరు మీద సాగు భూమి కొనడానికి ఫెమా కానూన్ ఇజాజత్ ఇవ్వదు. ఇల్లు, ఫ్లాట్ కొనొచ్చు. సూద్ వద్దనుకుని బ్యాంకు కర్జ్ జోలికి పోని ఇల్లయితే, చిట్టీ ఎత్తిన పైసలకు, బీబీ నగలకు అందేది పాత చిన్న ఫ్లాటే.

జాగీర్ పోయిన ఖాందాన్ అమ్ముతోంది, రియాల్ సంపాదించిన ఖాందాన్ కొంటోంది. నాకు ఇందులో అఫ్సోస్ ఏమీ లేదు. జాగీర్ల కాలంలో ఆ కాంపౌండు గేటు లోపలికి మన తాతలు ఏ పని మీద పోయేవాళ్లో అందరికీ తెలిసిందే.

ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఫ్లాట్‌ను ప్లాట్ అనే అంటారు. పిల్లలు నవ్వుతారు గానీ పెద్దవాళ్ల నోరు ఒక సచ్ చెబుతోంది. పాత ఫ్లాట్‌లో విలువంతా ప్లాటులోనే ఉంది. ఆరు వందల గజాల జాగాలో పన్నెండు ఫ్లాట్లు బరాబర్ హిస్సాలతో ఉన్నాయనుకోండి, ఒక్కొక్కరికి యాభై గజాలు. అదే జాగాలో ఇవాళ ముప్పై ఫ్లాట్లు లేస్తే ఇరవై గజాలు. గోడ చెమ్మ పట్టినా, పైపులు తుప్పు పట్టినా ఆ యాభై గజాలు తగ్గవు. అయితే అవి ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించలేరు. కూల్చి మళ్లీ కట్టాలంటే పన్నెండు ఇళ్ల వాళ్లూ ఒక మాట మీదికి రావాలి. పై అంతస్తు పెద్దమనిషి కొడుకు అమెరికాలో ఉండి ఫోన్ ఎత్తకపోతే అంతే సంగతులు.

ఇక కాగితాలు. బిల్డరు రాసిచ్చిన రిజిస్ట్రీ, ఈసీ చూసి చాలామంది ఖుష్ అయిపోతారు. దాని వెనక ఉన్న లింకు దస్తావేజులే అసలు. పాత మొహల్లాల్లో అవి ఉర్దూలో ఉంటాయి, అదీ షికస్తా రాతలో. బైనామా అంటే అమ్మకం పత్రం, తఖ్సీమ్‌నామా అంటే పంపకం పత్రం, హిబానామా అంటే బహుమతి పత్రం, ముఖ్తార్‌నామా అంటే పవర్ ఆఫ్ అటార్నీ. ఉత్త ముఖ్తార్‌నామా మీద అమ్మితే మిల్కియత్ రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. తారీఖ్ ఫస్లీలో ఉంటే ఘబ్రాయించకండి, 590 కలపండి. 1340 ఫస్లీ అంటే 1930-31. ఉర్దూ మీడియం చదువు ఎందుకు పనికొస్తుందని నన్ను అడిగిన వాళ్లు ఇప్పుడు ఇలాంటి కాగితాల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతుంటారు. చదివి పెడతాను గానీ, వకీల్‌కు చూపించడం మానకండి.

జమీన్ వక్ఫ్‌దా, సర్కార్‌దా అన్నది కూడా చూడాలి. మణికొండలో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా పేరు మీద 1,654 ఎకరాల ఝగ్డా ఏళ్ల తరబడి నడిచి, 2022 ఫిబ్రవరిలో ఆ భూమి రాష్ట్ర సర్కారుదేనని సుప్రీంకోర్టులో తేలింది. ఆ దస్తావేజుల్లో మాటకొస్తే జాగీర్, మష్రూతుల్ ఖిద్మత్, అతియా. వాటి మతలబే అక్కడ ఝగ్డా.

అన్నిటికన్నా నాకు ఖటకేది వారిసుల దస్తఖత్‌లు. నవాబు చనిపోయిన రోజునే బేటీలకు హిస్సా వచ్చేస్తుంది, ఎవరూ రాసివ్వాల్సిన పని లేదు. తఖ్సీమ్‌నామాలో ముగ్గురు భాయిల పేర్లుండి, ఒక్క బెహన్ పేరూ లేకపోతే ఆగండి. ఆమె లేదా, ఉండి అడగలేదా? ఆ ఖాళీ మీదే నలభై ఏళ్ల తర్వాత ఒక మనవడు కోర్టుకు పోవచ్చు.

అదే లెక్క కొన్న ఇంటికీ. అబ్బా ఇంతెఖాల్ అయితే, ఆయన పేరున్న ఫ్లాట్‌కు అమ్మీ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు బిడ్డలు వారిసులనుకుందాం. అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే యాభై గజాల్లో ఆరుంపావు. మిగిలింది కొడుకుకు రెండు, బిడ్డకు ఒకటి చొప్పున. ఒక్కో బేటీకి ఏడు గజాల పైచిలుకు, ఒక చిన్న బావర్చీఖానా అంత. కోరుట్లలో మూడు వందల గజాల ఇల్లయితే మధ్యలో గోడ లేపి బెహన్‌కు ఒక కమ్రా ఇవ్వొచ్చు. రెండు కమ్రాల ఫ్లాట్‌లో గోడ ఎక్కడ లేపుతారు? అమ్మి పంచాలి, లేదా భాయి పైసలు లెక్కగట్టి ఇవ్వాలి. మూడోది చుప్ ఉండటం. జ్యాదాతర్ ఇళ్లలో నడుస్తున్నది ఆ మూడోదే. అబ్బా పెద్ద కొడుక్కి హిబా చేసేశాడని కొందరు కాగితం చూపిస్తారు. ఉత్త కాగితంతో హిబా కాదు. ఇస్తున్నానని ఎలాన్ ఉండాలి, అవతలివాడు ఖబూల్ చేయాలి, ఖబ్జా చేతులు మారాలి.

సిరిసిల్ల సైడు ఒక ఖాందాన్ తెలుసు నాకు. ఫ్లాట్ కొనేటప్పుడే బైనామాలో అమ్మీ పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు, షాదీ అయిపోయిన బిడ్డ పేరు కూడా రాయించారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వరుసగా నిలబడి నలుగురూ వేలిముద్రలు వేసి వచ్చారు.