తెనాలి నేర్పిన కథాసంవిధానము

కథ చెప్పుట వేఱు, కథ కట్టుట వేఱు. ఈ భేదమును విద్యార్థులకు బోధింపబూనిన ఉపాధ్యాయులు తఱచుగా పాశ్చాత్య విమర్శగ్రంథములను ఆశ్రయింతురు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి అంతదూరము పోవలసిన పని లేదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఈ సీమలో ఇతివృత్తమన నేమో, సంఘర్షణమన నేమో ప్రజలకు మొదట నేర్పినది నాటకరంగము. పిదప ఆ విద్యను గ్రంథములును, పత్రికలును అందుకొన్నవి.

శాస్త్రము మనకు క్రొత్తది కాదు. ధనంజయుని దశరూపకము నాటకకథకు ప్రారంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను ఐదవస్థలను చెప్పి, ముఖము మొదలు నిర్వహణము వఱకు ఐదు సంధులను వానితో జోడించినది. పండితులు దీనిని శ్లోకములలో చదువుకొనిరి. అక్షరమెఱుగని రైతు దీనినే శ్రీకృష్ణ తులాభారమున కన్నులార చూచెను.

ముత్తరాజు సుబ్బారావు రచించిన ఆ నాటకమున సత్యభామయై ఆంధ్రదేశమును ముగ్ధము గావించిన స్థానం నరసింహారావు 1902 లో బాపట్లలో జన్మించి, తెనాలి రామవిలాససభలో చేరి, స్త్రీపాత్రధారణమున తనకు సాటి లేదనిపించుకొని, 1956 లో పద్మశ్రీ పురస్కారము నందెను. ఆ కథను పరికింపుడు. కృష్ణుడు తనకొక్కతెకే దక్కవలెనను సత్య కోరికయే బీజము. నారదుడు వ్రతమును ఉపదేశించుటతో యత్నము మొదలగును. భర్తను దానమిచ్చి ఎత్తు ధనముతో మరల విడిపించుకొనవచ్చునను ధీమా ఆమెను ముందునకు త్రోయును. తీరా తులాభారము పట్టుచో, ఒక పళ్లెమున కృష్ణుడు చిఱునవ్వుతో కూర్చుండును; రెండవదానిలో పెట్టెలలోని నగలు పడును, వంటిమీది నగలు పడును, త్రాసు మాత్రము కదలదు. కృష్ణుడు ఎట్లును దక్కునని ప్రేక్షకులకు ముందే తెలియును. అయినను వారు ఊపిరి బిగబట్టి చూచుచున్నది దేనికొఱకు? సత్య తన సవతియగు రుక్మిణి ముందు తల వంచి వేడుకొనునా లేదా యని! బయటి త్రాసుకంటె ఆమె మనస్సులోని త్రాసు బరువైనది. తులసీదళము పడి పళ్లెము లేచునప్పటికే అసలైన సంఘర్షణము తీరిపోయినది. తెలిసిన కథ సయితము ఉత్కంఠ కలిగించుటకు కారణ మిదియే యని నా విశ్వాసము.

హరిదాసులకును ఈ మర్మము తెలియును. కథ ముడిపడిన పట్టున చటుక్కున ఆపి, పిట్టకథ యొకటి చెప్పి, జనము ఇక తాళలేరనినప్పుడు మరల అసలు కథ అందుకొందురు.

తెనాలిలో న్యాయవాదిగా నుండిన త్రిపురనేని రామస్వామిచౌదరి 1920 లో శంబూకవధ నాటకమును ప్రకటించినప్పుడు, సంఘర్షణము క్రొత్త రూపు దాల్చెను. కథ రామాయణముదే, చచ్చునది శంబూకుడే, చంపునది రాముడే. కాని శంబూకునికి వాదమును, రాజును ఒత్తిడి చేయు బ్రాహ్మణ మంత్రాంగమునకు స్వప్రయోజనమును, నడుమ చిక్కిన రామునకు సందిగ్ధమును కల్పించుటతో, సంఘటనలు మాఱకయే ఇతివృత్తము మాఱిపోయినది. న్యాయస్థానమున ఇరుపక్షముల వాదము విను అలవాటు ఈ రచనకు తోడ్పడినదని నేననుకొందును.

ఆయన కుమారుడు గోపీచంద్ 1947 లో వెలువరించిన ‘అసమర్థుని జీవయాత్ర’ నవలను, ఎందుకని ప్రశ్నించుట నేర్పిన తండ్రికే అంకితమిచ్చెను. ఆంగ్ల నవలాకారుడు ఫార్‌స్టర్ 1927 లో కేంబ్రిడ్జి ఉపన్యాసములలో, ఆ తరువాత ఏమైనదన్న ప్రశ్నకు బదులిచ్చునది కథయనియు, ఎందుకైనదన్న ప్రశ్నకు బదులిచ్చునది ఇతివృత్తమనియు వేఱుపఱచెను. తెనాలి తండ్రి బిడ్డకు నేర్పినదియు ఆ రెండవ ప్రశ్ననే. ఈ నవలలో ప్రతినాయకుడు వెలుపల లేడు; నాయకుడైన సీతారామారావునకు సీతారామారావే శత్రువు.

పిల్లలకు ఈ విద్య అందినది చందమామ ద్వారా. తెనాలి ఐతానగరమున పుట్టిన చక్రపాణి నాగిరెడ్డితో కలసి 1947 జూలైలో మద్రాసున ఆ పత్రికను ప్రారంభింపగా, తెనాలివాడే యగు కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980 లో కన్నుమూయువఱకు దానిని తీర్చిదిద్దెను. అందలి బేతాళకథల చట్రమునే చూడుడు: సమాధానము తెలిసియు పలుకకున్నచో విక్రమార్కుని తల పగులును; పలికినచో మౌనభంగమై అతడు మోయు శవము మరల చెట్టెక్కును. ఎటు చూచినను నష్టమే. ఇంతకంటె చక్కని సంఘర్షణపాఠమును ఏ పాఠ్యపుస్తకమును పదేండ్ల బాలునికి చెప్పజాలదు.

కావున ఈ మూడు పట్టణముల తెలుగు ఉపాధ్యాయులకు నా విన్నప మొక్కటే. నిర్వచనములను వల్లె వేయింపకుడు. తులాభార ఘట్టమును తరగతిలో ఆడింపుడు. త్రాసు కదలనప్పుడు నాటకమును ఆపి, సత్య పక్షమున ఒకనిని, రుక్మిణి పక్షమున ఒకనిని, నారదుని పక్షమున మఱియొకనిని నిలిపి, ఎవరికేమి కావలెనో, ఎందుకు కావలెనో చెప్పింపుడు. ఆ పిమ్మట వారిచేత సొంత కథ వ్రాయింపుడు.