శానిటోరియం కిటికీలు

గుంటూరులో ఎవరైనా దగ్గితే డాక్టరు కంటే ముందు మిర్చి గుర్తొస్తుంది. నాన్న ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో గుమాస్తాగా చేశారు. రెండు నెలలు వదలని దగ్గుని ఇంట్లో అందరం ‘యార్డు ఘాటులే’ అని కొట్టిపారేశాం. చివరికి ఓ ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, మూడు సార్లు తిరిగాక కఫం పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలల మందులతో నాన్న కోలుకున్నారు. నన్ను వదలనిది మాత్రం ఆ వెయిటింగ్ హాలు. బిగించేసిన అద్దాల కిటికీలు, రెండు స్ప్లిట్ ఏసీలు, నలభై మంది జనం. పక్క కుర్చీలో చంటిపిల్లతో ఒక తల్లి. ఆ గాలిలోకి దగ్గుతున్నది మా నాన్నే.

అప్పట్నుంచీ ఆసుపత్రి గోడల గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే కథ మా ఊరి దగ్గరికే వచ్చింది. ఇవాళ మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నది పాత టీబీ శానిటోరియం స్థలంలో. 2015లో శంకుస్థాపన జరిగేదాకా మా అమ్మమ్మ తరానికి ఆ కొండ పక్క చోటంటే శానిటోరియమే.

టీబీకి కారణమైన క్రిమిని కాక్ 1882లో ప్రకటించాడు. మందు దొరకడానికి మాత్రం మరో అరవై ఏళ్లు పట్టింది. ఈలోగా వైద్యులు ఇవ్వగలిగింది విశ్రాంతి, తిండి, ఆరుబయటి గాలి. ఆ నమ్మకం మీదే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పుట్టింది. మిషనరీ సంఘాలు కలిసి పెట్టిన ఆ శానిటోరియం 1915లో తెరుచుకుంది. డేనిష్ వైద్యుడు ఫ్రిమొట్ మోలర్ దాన్ని చాలాకాలం నడిపాడు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ అంకితం పొందిన కొంపెల్ల జనార్దనరావు క్షయతో పోయింది 1937లో. స్ట్రెప్టోమైసిన్ అప్పటికింకా లేదు.

మందులొచ్చాక ఒక ప్రశ్న లేచింది: రోగిని శానిటోరియంలో పెట్టాల్సిందేనా? దీనికి జవాబు మద్రాసులో దొరికింది. 1956లో చేట్‌పేట కేంద్రంలో వాలెస్ ఫాక్స్ ఆధ్వర్యంలో రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి శానిటోరియం, రెండో గుంపుకి తమ ఇరుకిళ్లే. మందులు ఇద్దరికీ అవే. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంత బాగానే కోలుకున్నారు. వాళ్ల కుటుంబాలకి అదనంగా అంటుకోలేదు కూడా. పేదవాడు ఉద్యోగం, పిల్లల్ని వదిలి నెలలకొద్దీ కొండెక్కాల్సిన అవసరం తీరిపోయింది. ఇది నిజంగా గొప్ప విడుదల.

కానీ శానిటోరియంతో పాటు ఇంకోటి కూడా మనం వదిలేశాం. మా పనిలో ఇలాంటిది తరచూ జరుగుతుంది. ఎందుకో తెలియని పాత కోడ్ లైను కనిపిస్తే, దాంతో పనిలేదని తీసేస్తాం. నెల తర్వాత ఇంకెక్కడో ఏదో కూలుతుంది. గాలి రోగిని నయం చేస్తుందనుకుని పెట్టిన కిటికీలు అవి. ఆ లెక్క తప్పింది. అయితే అవే కిటికీలు పక్కవాణ్ణి కాపాడుతున్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

టీబీ గాలి ద్వారానే అంటుతుందని 1950ల చివర్లో బాల్టిమోర్‌లో రైలీ, వెల్స్ బృందం రుజువు చేసింది. టీబీ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల బోనుల్లోకి పంపితే వాటికి జబ్బు సోకింది. అల్ట్రావయొలెట్ కాంతి తగిలిన గాలి పీల్చినవాటికి సోకలేదు.

మరి గాలి ఎంత మారాలి? దీన్ని గంటకి ఎన్నిసార్లు అని కొలుస్తారు. పెరూలోని లిమాలో 70 గదుల్ని కొలిచిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. యాభై ఏళ్లు దాటిన భవనాల్లో, అంటే ఎత్తు కప్పూ పెద్ద కిటికీలూ ఉన్నచోట, కిటికీలు తెరిస్తే గాలి గంటకి 40 సార్లు మారింది. కొత్త గదుల్లో 17 సార్లు. యంత్రాలు పెట్టిన ప్రత్యేక గదులకి సిఫార్సు చేసేది 12. స్ప్లిట్ ఏసీ అయితే బయటి గాలి తేదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది.

రోహిణి కార్తెలో గుంటూరు ఆసుపత్రి కిటికీలన్నీ తీసిపెట్టమంటే ఎవరూ వినరు. దుమ్ము, దోమలు, ఎండ. అందుకే అన్ని గదుల మీదా కాకుండా ఒక్క గది మీద పట్టుబట్టాలంటాను. మద్రాసు చెప్పిన పాఠమూ అదే. మందు మొదలైన రోగి వల్ల ప్రమాదం త్వరగా తగ్గిపోతుంది. భయపడాల్సింది ఇంకా ఎవరికీ తెలియని దగ్గుకి. అది కూర్చునేది వార్డులో కాదు, ఓపీలో. 2010లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇంతే: దగ్గేవాళ్లని గుమ్మంలోనే గుర్తించండి, మాస్కివ్వండి, గాలాడేచోట విడిగా కూర్చోబెట్టండి, ముందుగా చూసి పంపండి. రెండువైపులా తెరిచిన ఒక వరండా, నాలుగు బెంచీలు, పైన ఫ్యాను చాలు. ఏసీ లోపలుండనివ్వండి.

నాన్న మాత్రలు ఆపేసి ఏడాది దాటింది. ఇప్పటికీ ఎప్పుడైనా అడుగుతుంటారు, ఆ చంటిపిల్లకేమీ కాలేదు కదరా అని. ఏం కాదులే నాన్నా అంటాను. నాకు తెలియదు.