బండ్ల అడ్డా నుండి పార్కింగు దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, బయ్యారం వాడిని గనుక చెరువు గురించే వ్రాస్తానని అనుకుని ఉంటారు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన ఆ చెరువు గురించి, దాని శాసనం గురించి పండితులు ఎంతో వ్రాశారు. నేను వ్రాయబోయేది అంత గొప్ప విషయం కాదు. బండి నిలిపినందుకు మనమిచ్చే రుసుము, అందుకు వాళ్లిచ్చే చిట్టీ, ఆ జాగా నడిపేవాడికి సర్కారు ఇచ్చే లైసెన్సు. వీటికీ ఒక చరిత్ర ఉన్నది.

అయితే మైలాంబ కుటుంబాన్ని పూర్తిగా వదలనక్కర లేదు. ఆమె సోదరుడు గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత అలవాటును మాని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ మాటను, సుంకం లెక్కను రాతి స్తంభం మీద చెక్కించాడు. వసూలు చేసేవాడు ఎంత తీసుకోవాలో, ఇచ్చేవాడికి దక్కే రక్షణ ఏమిటో రెండూ ఒకే రాయి మీద ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మా ఊరు మహబూబాబాద్ నుండి ఇల్లందు పోయే దారిలో ఉన్నది. నా చిన్నతనంలో ఆ దారిన ఎడ్లబండ్లే ఎక్కువ. ఎక్కడ చెట్టు నీడ, ఎక్కడ నీళ్లు ఉంటే అక్కడ బండి విడిచేవారు. అదే అడ్డా. పైసా అడిగేవాడు లేడు, పోతే పట్టించుకునేవాడూ లేడు.

చట్టం మాత్రం ఈ విషయాన్ని ఎప్పుడో పట్టించుకున్నది. ఆంధ్ర జిల్లాల్లో అమలైన 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలోనే బండ్ల స్టాండ్ల గురించి నిబంధనలు ఉన్నాయి. మునిసిపాలిటీ తానే స్టాండు కట్టి రుసుము తీసుకోవచ్చును. ప్రైవేటు మనిషి తన జాగాలో స్టాండు పెట్టాలంటే లైసెన్సు తీసుకోవాలి. పర్యవేక్షణ, తనిఖీ, పారిశుధ్యం గురించి మునిసిపాలిటీ షరతులు పెట్టవచ్చును. షరతు తప్పితే లైసెన్సు నిలిపివేయవచ్చును, రద్దు చేయవచ్చును. బండ్ల స్టాండు అనే మాటలోకి మోటారు వాహనాల స్టాండు కూడా వస్తుందని తర్వాత వివరణ చేర్చారు. అనగా నేటి పార్కింగు గ్యారేజీకి తాత ఈ ఎడ్లబండ్ల అడ్డాయే.

గ్రామాల సంగతికి వస్తే, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు రెండింటికీ కలిపి వచ్చిన 1964 గ్రామ పంచాయతీల చట్టం పంచాయతీలకు బండ్ల స్టాండు ఏర్పాటు చేసే అధికారం, రుసుము వసూలు చేసే అధికారం ఇచ్చింది. ఒకసారి స్టాండు పెట్టాక, ఇంత దూరం లోపల రోడ్డు ప్రక్కన బండ్లు నిలపరాదని నిషేధించే అధికారమూ ఇచ్చింది. 1994 చట్టం వచ్చినా, తెలంగాణలో 2018 చట్టం వచ్చినా పంచాయతీల పనిలో ఇది ఉంటూనే వచ్చింది. ఇక మోటారు వాహనాలు ఎక్కడ నిలపాలో స్థానిక సంస్థలతో సంప్రదించి నిర్ణయించే పని 1988 మోటారు వాహనాల చట్టంలో ఉన్నది. స్థలం నిర్ణయం ఒక శాఖది, రుసుము ఇంకొక శాఖది. ఫైలు ఈ బల్ల నుండి ఆ బల్లకు ఎట్లా తిరుగుతుందో మన మిత్రులకు నేను చెప్పాలా!

నేను 1974లో పంచాయతీ సమితి కార్యాలయంలో చేరాను. తైబజారు, బండ్ల స్టాండు హర్రాజు ఫైళ్లు నా బల్ల మీదకు వచ్చేవి. హర్రాజు షరతులు ఎన్నిసార్లు వ్రాశానో లెక్కలేదు. రేట్ల పట్టిక బోర్డు మీద వ్రాసి అందరికీ కనపడేటట్లు పెట్టవలెను. కార్యాలయ ముద్ర ఉన్న రశీదు పుస్తకమే వాడవలెను. అయిపోయిన పుస్తకం అడుగుకాగితాలతో సహా తిరిగి దాఖలు చేయవలెను. పశువులకు నీళ్ల తొట్టి ఉంచవలెను.

ఒకసారి ఒక పంచాయతీ నుండి బండ్లవాళ్లు అర్జీ తెచ్చారు. గుత్తేదారు పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి రుసుము తీసుకుంటున్నాడట. విస్తరణాధికారి గారి వెంట నేనూ తనిఖీకి పోయాను. బోర్డు ఉన్నది గాని గోడవైపు తిప్పి ఉన్నది. తొట్టిలో నీళ్లు లేవు, చొప్ప ఉన్నది. “బోర్డు ఎందుకు తిప్పావయ్యా?” అంటే “వానకు రంగు పోతదని, సారూ” అన్నాడు. మెమో తయారుచేసింది నేనే. ఆ తర్వాత నెలరోజులు బోర్డు ఇటు తిరిగి ఉన్నదని విన్నాను.

ఇంత తెలిసిన నేనే ఒకచోట బోర్తా పడ్డాను. 1998లో నా భార్యను వైద్యానికి ఒక పట్టణానికి తీసుకుపోయాను. మోపెడ్ ఒక ప్రైవేటు స్టాండులో పెట్టి చీటీ తీసుకున్నాను. సాయంత్రం మందుల సంచితో తిరిగివస్తే బండి లేదు. అక్కడి కుర్రవాడు చీటీ వెనుక అచ్చువేసిన ఒక వాక్యం చూపించాడు. వాహనం పోయినచో యాజమాన్యము బాధ్యులు కారట. నేను మాట్లాడలేదు. అచ్చులో ఉన్నది గనుక అదే రూలు అనుకున్నాను. నీ లైసెన్సు ఏది, అందులో ఈ షరతు ఎవరు వ్రాశారు అని అడగవలసిన మాట నా నోటికి రాలేదు. జీవితమంతా షరతులు వ్రాసినవాడికి కూడా ఆవలివైపు నిలబడితే బుద్ధి పనిచేయదు కాబోలు. బస్సులో ఇంటికి వచ్చాము. బండి అప్పు కిస్తులు ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నాయి, కట్టాను.

2019 నవంబరులో పత్రికలో సుప్రీంకోర్టు తీర్పు చదివి చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. ఢిల్లీలో తాజ్‌మహల్ హోటలుకు వచ్చిన అతిథి కారు తాళంచెవి సిబ్బందికి ఇచ్చాడు, కారు పోయింది. అదీ 1998లోనే. చీటీ మీద యజమానిదే బాధ్యత అని అచ్చు ఉన్నది. తమ నిర్లక్ష్యం లేదని హోటలే చూపించుకోవాలి గాని, అచ్చువేసిన వాక్యం చాటున తప్పించుకోవడం కుదరదని కోర్టు చెప్పింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం సొత్తు అప్పగింత పుచ్చుకున్నవాడు, మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకునేంత జాగ్రత్తగా దానిని చూడాలి. ఈ తీర్పు తాళంచెవి అప్పగించిన సందర్భానిది. ఖాళీ జాగా చూపించి పైసలు తీసుకునే ప్రతిచోటా ఇదే వర్తిస్తుందని నేను అనను. కాని చీటీ చూపితే తప్ప బండి బయటకు వదలనివాడు ఉత్త జాగా కిరాయికి ఇచ్చాడా, బండి కాపలా ఒప్పుకున్నాడా? ఈ ప్రశ్న నేను 1998లో అడిగి ఉండవలసింది. వాళ్లు 21 ఏళ్లు కొట్లాడారు, నేను 21 నిమిషాలు కూడా నిలబడలేదు.

మన రాష్ట్రంలో 2018 మార్చిలో పురపాలక శాఖ జీవో 63 ఇచ్చింది. మాల్స్, మల్టీప్లెక్సుల వంటి చోట్ల మొదటి అరగంట రుసుము తీసుకోరాదు. అరగంట దాటి గంట వరకు ఎంతకైనా సరే, కొన్న బిల్లు చూపితే చాలు. గంట దాటితే పార్కింగు రుసుము కన్న బిల్లు ఎక్కువ ఉండాలి. 2021లో ఒంటి తెర సినిమాహాళ్లకు మాత్రం వసూలుకు సడలింపు ఇచ్చారు. హైదరాబాదులో మనవడు సినిమాకు తీసుకుపోయినప్పుడు నేను ఈ జీవో సంగతి ఎత్తితే “తాతయ్యా, ఇక్కడ కూడా ఆఫీసేనా” అని నవ్వాడు. జీవోలో మనం కట్టవలసినది ఎంతో చక్కగా ఉన్నది. బండి పోతే ఎవరు చూడాలన్న మాటే నాకు తక్కువగా కనిపించింది. మోటుపల్లి రాతి మీద ఉన్న రెండు మాటల్లో ఒకటే మిగిలినట్లున్నది.

2016లో జిల్లాలు మారి మా మండలం ఖమ్మం నుండి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. కలెక్టరేటుకు, బ్యాంకుకు, దవాఖానకు మనలో చాలామంది మహబూబాబాద్‌కే పోయి బండ్లు నిలుపుతున్నాము. కనుక వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టవలసినదిగా నా మనవి. జిల్లా కేంద్రంలో రుసుము వసూలు చేసే ప్రతి స్టాండు దగ్గర లైసెన్సు ప్రతి, రేట్ల బోర్డు, ఫిర్యాదు చేయవలసిన అధికారి హోదా కనపడేటట్లు పెట్టించవలెనని, చీటీ మీద బండి నంబరు, వేళ తప్పక వ్రాయించవలెనని మునిసిపల్ కమిషనరు గారికి సంఘం తరఫున అర్జీ ఇద్దాము. ముసాయిదా నేను వ్రాసి పెట్టాను. బోర్డు రోడ్డువైపు తిరిగి ఉండవలెనని అందులో విడిగా ఒక షరతు కూడా చేర్చాను.