ఫొటోలు వేయలేని సంస్థ

జూబిలీ సంచిక అనగానే కొన్ని తప్పనిసరి: మంత్రిగారి సందేశం, వ్యవస్థాపకుల చిత్రపటాలు, దాతల జాబితా, వెనక అట్ట మీద నగల కొట్టు ప్రకటన. 2025 జూన్ 10తో 90 ఏళ్లు నిండిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) గురించి, మన సికింద్రాబాద్‌లో అది నడిచే తీరు గురించి రాయడానికి కూర్చుంటే వీటిలో చాలావరకు కుదరవని తేలింది. సభ్యుల పేర్లు బయటపెట్టకూడదు. బయటివాళ్ల చందా ముట్టరు. గ్రూపులకు సొంత భవనాలు ఉండవు. సావనీరు వేసేవాళ్లకి ఇదంతా చిక్కే. తాగుడు మానాలనుకుని, నలుగురికీ తెలుస్తుందేమోనని వెనకాడే మనిషికి మాత్రం ఇంతకన్నా వెసులుబాటు లేదు.

పుట్టుక అమెరికాలో. షేర్ మార్కెట్ మనిషి బిల్ విల్సన్ 1935లో పని మీద ఆక్రన్ అనే ఊరు వెళ్లాడు. బేరం చెడింది. హోటల్లో కాళ్లు బార్ వైపు లాగుతుంటే, అక్కడున్న చర్చిల పట్టిక పట్టుకుని ఫోన్లు మొదలుపెట్టాడు. తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప గట్టెక్కనని అతనికి తెలుసు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆ డాక్టరు ఆఖరిసారి తాగిన రోజునే సంస్థ పుట్టినరోజుగా లెక్కిస్తారు. 1938లో పెద్ద విరాళం ఆశించి కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్‌ని ఆశ్రయిస్తే, డబ్బు వీళ్లని పాడుచేస్తుందని ఆయన 5,000 డాలర్లతో సరిపెట్టాడు. అప్పట్లో నిరాశే మిగిలినా, మన ఖర్చు మనమే పెట్టుకోవాలన్నది తర్వాత సంస్థ సంప్రదాయమే అయింది. 1954లో యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తామంటే బిల్ వద్దన్నాడు. శాలువా వద్దన్నవాళ్లు మన ఊళ్లో ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మన దేశంలో ఏఏ మొదలైన రోజుగా 1957 మే 5ని చెప్పుకుంటారు. ఢిల్లీలో ఉద్యోగానికి వచ్చిన ఒక కెనడా సభ్యుడు పత్రికలో చిన్న ప్రకటన వేయించాడు. దానికి బొంబాయి నుంచి ఒకాయన జవాబు రాశాడు. అంతే, అక్కడినుంచి అంటుకుంది.

సికింద్రాబాద్ సంగతి వేరే చెప్పాలా? 1806లో బ్రిటిష్ దండు స్థావరంగా వెలిసిన ఊరు. క్యాంటీన్ రమ్ము, రైల్వే క్వార్టర్లు, కల్లు కాంపౌండ్లు, ఇప్పుడు సందుకో వైన్స్, దానికో పర్మిట్ రూమ్. తెలుగునేల మీద మద్యంతో తలపడ్డ పెద్ద ప్రయత్నం మరోలా సాగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం పోయింది. ఆ పోరాటం తక్కువదని కాదు. కానీ కొట్టు మూతపడినంత మాత్రాన పొద్దున్నే వణికే చెయ్యి ఆగదు. ఆ చెయ్యి సంగతి ఒక్కటే ఏఏ చూస్తుంది. నిషేధం మంచిదా చెడ్డదా అని అడిగితే పెదవి విప్పదు.

మీటింగులు ఎక్కువగా చర్చి ఆవరణల్లోనో, బడి గదుల్లోనో జరుగుతాయి. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఏఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే సభ్యులే చెబుతారు. వ్యసన విముక్తికి ప్రభుత్వం నడిపే 14446 కూడా ఉంది. ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా వెళ్లొచ్చు, క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. రిజిస్టరులో సంతకం, ఆధార్ కార్డు ఏమీ అడగరు. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని ఒకరు మొదలుపెడతారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు. చెప్పాలనిపించకపోతే ఊరికే కూర్చుని వినొచ్చు. జీవితాంతం మానేస్తానని ఒట్టు పెట్టించరు. ఈ ఒక్క రోజు ముట్టకుంటే చాలంటారు. అమ్మ మీద, పిల్లల మీద వేసిన ఒట్లన్నీ ఏమయ్యాయో ఆ గదిలో ఉన్నవాళ్లకి బాగా తెలుసు.

ఒక హెచ్చరిక. ఏఏ వైద్యం చేయదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. మత్తుమందు కలిపిన కల్లుకి అలవాటుపడ్డవాళ్లు, అది దొరక్క, 2015లో తెలంగాణ జిల్లాల్లో ఎలా అల్లాడారో చూశాం. అందుకే ముందు డాక్టరు. మన వాళ్లకి ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉంది, కానీ ఆ పేరు చెబితేనే ఇంట్లోవాళ్లు ముఖం చాటేస్తారు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. చికిత్సతో పాటు ఇలాంటి గ్రూపుల దారి పట్టించడం వల్ల పూర్తిగా మానేసి నిలబడేవాళ్లు ఎక్కువవుతున్నారని 2020 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

ఆడవాళ్లూ తాగుతారు, గ్రూపుకి రావడానికే జంకుతారు. తాగేవాళ్ల భార్యలకి, తల్లులకి 1951లో మొదలైన అలనాన్ అనే సంస్థ ఉంది. "మా ఆయన్ని ఎలా మాన్పించాలి?" అని వచ్చిన ఇల్లాలికి అక్కడ చిట్కా దొరకదు. ఆయన తాగినా మానినా నువ్వెలా బతకాలి అన్న దగ్గర మాట మొదలవుతుంది. మొదటిరోజు కొందరికి కోపం వస్తుంది కూడా.

చర్చి గేటు చూసి, మతం మారుస్తారేమోనని వెనక్కి తిరిగేవాళ్లున్నారు. మీటింగులో దేవుడి మాట వినపడేది నిజమే. ఆ దేవుడెవరో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి, నమ్మనివాళ్లూ వస్తారు. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. చర్చివాళ్లతో సంబంధం గది వరకే. దాని ఖర్చు మీటింగులో తిప్పే సంచిలోంచి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు అందులో వేయనక్కర్లేదు.