ఉక్కునగరి చెంత సేద్యవిద్య

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువలో ఒకప్పుడు సాక్చి అనే చిన్న గ్రామం ఉండేది. 1908లో అక్కడ ఉక్కు కర్మాగార నిర్మాణం ఆరంభమై, 1912లో తొలి ఉక్కు వెలువడింది. 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ పట్టణానికి జంషెడ్జీ టాటా స్మారకంగా జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు.

యంత్రం నడపడానికి నేర్పరితనం కావాలి. విదేశీ నిపుణులపై ఆధారపడే స్థితిని తొలగించడానికి 1921లోనే అక్కడ సాంకేతిక విద్యాలయం వెలసింది. బడి కర్మాగారం ముంగిటనే ఉండటం వల్ల, ఉదయం నేర్చినది సాయంత్రానికే పనికి వచ్చేది.

నగరం చుట్టూ ఉన్న సంతాల్, హో, భూమిజ పల్లెల రైతులకు మాత్రం అటువంటి బడి చాలాకాలం కొరవడింది. మెరకభూమిని ‘టాండ్’ అనీ, నీరు నిలిచే పల్లపుభూమిని ‘దోన్’ అనీ గుర్తించి, దేనికి తగిన పంట దానిలో వేసే అనుభవజ్ఞానం వారికి తరతరాలుగా ఉన్నదే. అయినా వానపై ఆధారపడిన ఒక్క వరిపంట కుటుంబాన్ని ఏడాది పొడవునా పోషించలేదు. పంట పోయిన ఏట కూలికై వలస తప్పేది కాదు.

1974లో దేశంలోని తొలి కృషి విజ్ఞాన కేంద్రం పుదుచ్చేరిలో ఏర్పడింది. పని చేస్తూ నేర్చుకోవడమే దాని మూలసూత్రం. 1979లో టాటా స్టీల్ గ్రామీణాభివృద్ధి సంఘం, 1981లో రాంచీలో బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవిర్భవించాయి. ఆ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోనే తూర్పు సింగ్‌భూమ్ జిల్లా దారిసాయిలో కృషి విజ్ఞాన కేంద్రం నెలకొంది. సేద్యవిద్య ఆ విధంగా పొలంగట్టుకు చేరువైంది.

వాతావరణ సూచన, మార్కెట్ ధర, ప్రభుత్వ సహాయం క్రమంగా చేతిలోని ఫోను ద్వారానే అందసాగాయి. దానిని వాడటం తెలియని రైతుకు, నాగలి ఉండీ ఎద్దులు లేని స్థితి ఏర్పడింది. 2017లో ఆరంభమై 2024 మార్చిలో ముగిసిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ అక్షరాస్యతా పథకం కింద దేశవ్యాప్తంగా సుమారు 6.39 కోట్లమంది శిక్షణ పొందారు.

అయితే శిక్షణ పొందినవారి సంఖ్య ఒక్కటే ఫలితానికి కొలత కాదు. సంతాలీ భాషకు 2003 నాటి రాజ్యాంగ సవరణతో ఎనిమిదవ షెడ్యూలులో స్థానం లభించింది. ఇంట్లో ఆ భాష మాట్లాడే స్త్రీకి తెరపై అక్షరం పరభాషలో కనిపిస్తే, నేర్చిన విద్య నిలవడం కష్టం. విద్య పనిచోటికి వెళ్ళినప్పుడే ఫలిస్తుందని 1921 నాటి విద్యాలయం చాటింది. పొలంగట్టు వద్ద, రైతు మాతృభాషలో వెచ్చించిన ధనమే పల్లెకు పంటగా తిరిగివస్తుంది.