డిస్క్ మీది, తాళం వాళ్ళది: 09 ఎఫ్9 కథ

ఎపిసోడ్‌లోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో నెట్‌ఫ్లిక్స్ ఓపెన్ చేసి, ఏదో ఒక సినిమా పెట్టి స్క్రీన్‌షాట్ తీయండి. నల్లగా వస్తుంది కదా? ఫోన్ మీది, సబ్‌స్క్రిప్షన్ డబ్బులూ మీవే, కానీ బొమ్మ మాత్రం ఇవ్వదు. మీ ఫోన్‌కి వైడ్‌వైన్ ఎల్1 లేదనుకోండి, హెచ్‌డీ కూడా రాదు. నెల నెలా డబ్బులు కడుతూ మసక బొమ్మ చూడాల్సిందే.

ఈ గొడవ ఫోన్లతో మొదలవలేదు, డిస్కులతో మొదలైంది. ముందు డీవీడీ. దానికి వేసిన తాళం పేరు సీఎస్ఎస్, 40 బిట్ల కీ. బీటెక్ సెకండియర్ కుర్రాడు కూడా "ఇది చాలదు బాసూ" అనేంత చిన్న తాళం. 1999లో నార్వేలో జాన్ లెక్ జొహాన్సెన్ అనే 15 ఏళ్ళ అబ్బాయి, ఇంకొందరితో కలిసి దాన్ని విప్పే ప్రోగ్రామ్ బయటపెట్టాడు. డీసీఎస్ఎస్ అంటారు దాన్ని. కేసు పెట్టారు. తను కొన్న డీవీడీని లైనక్స్‌లో చూసుకోవాలన్నదే అతని వాదన. 2003 జనవరిలో కోర్టు వదిలేసింది. అప్పీలుకి వెళ్తే అదే ఏడాది డిసెంబర్లో మళ్ళీ నిర్దోషి అన్నారు. కొనుక్కున్న డిస్క్‌ని చూసుకోవడం దొంగతనం కాదని ఒక కోర్టు గట్టిగా చెప్పింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

హాలీవుడ్‌కి మాత్రం అది పీడకలే. అందుకే హెచ్‌డీ డిస్కులు వచ్చేసరికి పెద్ద తలకాయలన్నీ ఒక చోట కూర్చున్నాయి: ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, సోనీ, తోషిబా, పానాసోనిక్, డిస్నీ, వార్నర్ బ్రదర్స్. వీళ్ళు తయారుచేసిన తాళమే ఏఏసీఎస్. 128 బిట్ల ఏఈఎస్, అంటే ఎన్‌క్రిప్షన్ పరంగా మామూలు సరుకు కాదు. తోషిబా హెచ్‌డీ డీవీడీ, సోనీ వాళ్ళ బ్లూ-రే మార్కెట్లో కొట్టుకుంటున్నా, రెండింటికీ తాళం మాత్రం ఇదే.

ఎలా పనిచేస్తుందంటే, సినిమాకి ఒక తాళం. ఆ తాళంచెవిని ఇంకో పెట్టెలో పెట్టి దానికీ తాళం. అలా పెట్టెలో పెట్టె. ప్రతి ప్లేయర్‌కీ కంపెనీ కొన్ని సొంత చెవులు ఇస్తుంది, వాటితో ఒక్కో పెట్టె తీసుకుంటూ లోపలికి వెళ్ళాలి. ఒక ప్లేయర్ చెవులు బయటికి పొక్కాయా, ఆ తర్వాత వచ్చే డిస్కులు ఆ ప్లేయర్‌ని గుమ్మంలోనే ఆపేస్తాయి. డిజైన్ చూస్తే ముచ్చటేస్తుంది, నిజంగా.

లోపం ఎక్కడుందంటే, చెవి చివరికి కొన్నవాడి ఇంట్లోనే ఉండాలి. లేకపోతే సినిమా ఆడదు. అంటే మీరు ఎవరినైతే దొంగ అని అనుమానిస్తున్నారో, వాడి చేతికే తాళంచెవి ఇచ్చి "చూడకు" అంటున్నారన్నమాట.

2006 డిసెంబర్. మజ్లిక్స్64 అనే మారుపేరుతో ఒకాయన. హెచ్‌డీ డీవీడీ కొన్నాడు, డ్రైవ్ కొన్నాడు. ఆడలేదు. కారణం, అతని మానిటర్‌కి హెచ్‌డీసీపీ అనే ఇంకో తాళం సపోర్ట్ లేదు. ఒళ్ళు మండింది. ఎన్‌క్రిప్షన్ జోలికి పోలేదు, కంప్యూటర్ మెమరీలోకి చూశాడు. సాఫ్ట్‌వేర్ ప్లేయర్ సినిమా ఆడించాలంటే చెవిని మెమరీలో పెట్టుకోవాలిగా, అక్కడే దొరికింది. రెండు నెలలు తిరక్కుండా, 2007 ఫిబ్రవరిలో ఆర్నెజామీ అనే ఇంకో మారుపేరు మనిషి మధ్య పెట్టె తాళంచెవినే పట్టాడు. ఒక్క సినిమాకి కాదు, అప్పటిదాకా వచ్చిన డిస్కులన్నింటికీ పనికొచ్చే 16 బైట్ల నంబర్. మొదలు 09 ఎఫ్9.

ఏఏసీఎస్ వాళ్ళు లాయర్లని దింపారు. ఆ నంబర్ పెట్టిన ప్రతి సైట్‌కీ నోటీసు. ఆలోచించండి, ఒక నంబర్ రాస్తే నేరమా? 2007 మే 1న డిగ్ అనే సైట్ భయపడి పోస్టులు తీసేయడం మొదలుపెట్టింది. యూజర్లు తిరగబడి హోమ్‌పేజీ మొత్తం ఆ నంబర్‌తోనే నింపేశారు. రాత్రికి డిగ్ చేతులెత్తేసింది. టీషర్టుల మీద నంబర్, పాటల్లో నంబర్. ఒకాయన ఆ బైట్లని రంగులుగా మార్చి జెండా చేశాడు, అయిదు చారలు. చట్టం ఇప్పుడు రంగుల్ని నిషేధించాలి! దాచమని నోటీసివ్వకపోతే ఆ నంబర్ పది మంది ప్రోగ్రామర్లకి తప్ప ఎవరికీ తెలిసేది కాదని నా నమ్మకం.

కంపెనీ కొత్త చెవి తెచ్చింది. ఆ కొత్త డిస్కులు అధికారికంగా షాపుల్లోకి రాకముందే అదీ విరిగింది. 2008 ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని ఆపేసింది, కానీ దానికి కారణం హ్యాకర్లు కాదు. జనవరిలో వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే వైపు దూకేసింది, అంతే.

మరి మన దగ్గర? ముక్తేశ్వరంలో బ్లూ-రే ప్లేయర్ ఉన్న ఇల్లు నేనైతే చూడలేదండి. మనది సీడీల కాలం. 2007లో మోజర్ బేర్ అనే మన దేశపు కంపెనీ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి దింపింది, తెలుగు సినిమాలతో సహా. అంతకుముందు ఒరిజినల్ అంటే వందల్లో మాట. తాళం గట్టిగా వేయడం కాదు, దొంగ సీడీ ధరకే అసలు సీడీ ఇస్తే ఎవడు దొంగది కొంటాడన్న లెక్క. నా దృష్టిలో ఆ కాలంలో వచ్చిన బెస్ట్ కాపీ ప్రొటెక్షన్ అదే. తర్వాత జనం డిస్కులే మానేశారు, 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌కి పోయింది, అది వేరే కథ.

అలాగని నిర్మాత బాధ చిన్నదని కాదు. 2013 సెప్టెంబర్లో 'అత్తారింటికి దారేది' రిలీజ్‌కి ముందే దాదాపు గంటన్నర సినిమా బయటికొచ్చేసింది, పెడనలో సీడీలు దొరికాయి. అక్టోబర్ 9న రావాల్సిన సినిమాని కంగారుగా సెప్టెంబర్ 27కి లాగారు. జనం థియేటర్‌కి వచ్చారు కాబట్టి బతికిపోయారు. లీక్ ఎవరి ద్వారా? పోలీసులు చెప్పిన ప్రకారం, సినిమాకి పనిచేసిన లోపలి మనిషి ద్వారా. అక్కడ 128 బిట్లు ఏం చేస్తాయి చెప్పండి?

మన చట్టం సంగతి కూడా చూద్దాం. 2012లో కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేర్చారు. తాళం పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు. కానీ ఒక మెలిక ఉంది: హక్కుల్ని కాజేసే ఉద్దేశంతో చేస్తేనే. చట్టం కాదనని పని కోసం తాళం తీస్తే మినహాయింపు ఉంది. అమెరికా 1998 చట్టం ఇంత దయగా ఉండదు. నార్వే కోర్టు మాట గుర్తుందిగా? ఇంచుమించు ఆ దారిలోనే మనవాళ్ళు రాశారు.

థియేటర్లో ఫోన్‌తో తీసిన ప్రింట్ ఏ ఊరి హాల్లో, ఏ షోలో తీశారో వాటర్‌మార్క్‌తో ఎలా పట్టుకుంటారో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి, ఆయ్!